చేతులు వెనక్కి కట్టుకున్న పెద్దబాపు

పోయిన నెల ఒక పొద్దున, జగిత్యాలలో నేను పనిచేసే ల్యాబులో రక్తం సీసాలకు పేర్లు అంటిస్తుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. పెద్దమ్మ ఆ వేళప్పుడు ఎప్పుడూ ఫోన్ చేయదు. "బిడ్డా, మీ పెద్దబాపు పోయిండు. చాయ్ తాగిండు, గిలాస కింద పెట్టిండు, గోడకు ఒరిగిండు. గంతే," అంది. గొంతులో ఏడుపు లేదు. "నీకంటే ఫోన్ల చెప్పిన. సుక్కికి ఎట్ల చెప్పాలె బిడ్డా?" అని అప్పుడు ఏడ్చింది.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. ముస్తాబాద్ దగ్గరి పల్లెలో నలభై ఏళ్లు తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసిన మనిషి. సుక్కి ఆయన కుక్క. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్ల చుక్క, మూడు కాళ్లు. నాలుగో కాలు ఎలా పోయిందో, పోయాక అది ఎలా నడిచిందో చెప్పకుండా మా పెద్దబాపు గురించి చెప్పడం నాకు చేతకాదు. ఆయనకూ చేతకాలేదు. ఎవరైనా బాగున్నావా అని పలకరిస్తే తన సంగతి ఒక్క మాటలో తేల్చేసి, కుక్క సంగతి మొదలుపెట్టేవాడు. అవతలి మనిషి బస్సు వెళ్లిపోయినా ఆయనకు పట్టేది కాదు.

మామూలుగా అయితే ఆయనది తక్కువ మాట. కోపం మాత్రం ఎక్కువ, అది కూడా చాయ్ చల్లారేలోపే చల్లారేది. తాను గీసే తాళ్లకు పేర్లు పెట్టుకున్నాడు. వంగి పెరిగినది గూనమ్మ. గట్టు మీద ఒంటరిగా ఉన్నది పెండ్లికాని పిల్లగాడు. ఎంత శ్రద్ధగా గీసినా పుల్లటి కల్లే ఇచ్చే చెట్టుకు తన అత్త పేరు పెట్టాడు. ఆ సంగతి పెద్దమ్మకు తెలిసిన రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

చెట్టెక్కే ముందు చెప్పులు విడిచి, నుదురు మాను మీద ఆనించి గీత పనివాళ్ల దేవుడు కాటమయ్యను తలచుకునేవాడు. అంతకంటే ముందు మోకు చూసుకునేవాడు. మోకు అంటే తాటిచెట్టు ఎక్కే మనిషి తన నడుమునూ చెట్టునూ కలిపి వేసుకునే తాడు. పైన నిలబడి రెండు చేతులా గీత పని చేస్తున్నప్పుడు మనిషి బరువంతా దాని మీదే ఉంటుంది. రోజూ పొద్దున దాన్ని మూర తర్వాత మూర వేళ్లతో తడిమి చూసేవాడు. ఇంట్లో దాన్ని ఎవరూ దాటకూడదు, కాలు తగలకూడదు. "నన్ను ఎన్నడు పడనియ్యలే గిది. దాన్ని నేను ఇడువలే, నన్ను అది ఇడువలే," అనేవాడు. ఆ మాటలో గొప్ప ఏమీ లేదు, భయం ఉంది. మా తాత, అంటే ఆయన తండ్రి, తాటిచెట్టు మీంచి పడి పోయాడు. అప్పటికి పెద్దబాపుకు మీసాలు కూడా రాలేదట. మా ఇంట్లో ఎవరైనా ఎక్కడైనా పడ్డారంటే అందరి ముఖాలూ ఒకేసారి తెల్లబోయేవి.

సుక్కికి అప్పుడు రెండేళ్లు. నేను సిరిసిల్లలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి, ఉద్యోగం దొరికేలోపు పెద్దబాపు వాళ్లింట్లో ఉన్నాను. యాసంగి వరి కోతలు నడుస్తున్నాయి. కోత మిషన్ మడిలో దిగితే దాని ముందు ఎలుకలు ఉరుకుతాయి, ఎలుకల వెనక ఊరి కుక్కలన్నీ ఉరుకుతాయి. ఆ రోజు అన్నిటికంటే ముందు సుక్కి ఉంది. దానికి ఎలుక తప్ప లోకం కనిపించదు. డ్రైవర్ చూసి మిషన్ ఆపేలోపే వెనుక ఎడమ కాలు పోయింది.

పెద్దబాపు తన తువ్వాలలో చుట్టి దాన్ని పొట్టకు హత్తుకున్నాడు. ఆటోలో సిరిసిల్ల పశువుల దవాఖానకు పోయేంతసేపూ తువ్వాల జారకుండా పట్టుకునే కూర్చున్నాడు. దవాఖాన వరండాలో బర్రెతో వచ్చిన ఒకాయన చూసి జాలిపడి, "ఎందుకే దానికి గీ తిప్పలు? ఒక సూది ఏపిచ్చి పండవెట్టు," అన్నాడు. ఆ మాట అన్నది ఆయన ఒక్కడే కాదు. మా ఊళ్లోనూ, ఆటోలోనూ అన్నారు. పెద్దబాపు డాక్టర్‌ను మాత్రం అడిగాడు.

"సారూ, మూడు కాళ్లతోని కుక్క బతుకుతదా?"

"బతుకుతది," అన్నాడు డాక్టర్. "మీరు బతకనిస్తె."

ఆ రెండో మాట ఆ రోజు మాకెవరికీ అర్థం కాలేదు. బతకనివ్వకుండా ఎవరు చేస్తారు, ఇంత దూరం ఎత్తుకొచ్చింది అందుకే కదా అనుకున్నాం.

ఆపరేషన్ చేసి కాలు పైదాకా తీసేశారు. కుట్లు నాకకుండా మెడకు ఏదైనా అడ్డం కట్టమన్నారు. పెద్దబాపు, కల్లు తాగడానికి తాటాకును దొప్పలా మడుస్తారు చూడండి, అలాంటిదే పెద్దది మడిచి సుక్కి మెడకు తొడిగాడు. అరగంటలో అది దాన్ని నమిలి పారేసింది. రెండోది మడిచి దానికి వేపాకు నూరి పూశాడు. సుక్కి ఒకసారి నాకి, ఆయన వైపు చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. మా పెద్దమ్మ కూర మాడినప్పుడు ఆయన పెద్దమ్మను అలాగే చూసేవాడు.

పుండు మానింది. వెంట్రుకలు మొలిచాయి. ఇక నడిపించాలి. అక్కడే మా పెద్దబాపు తప్పు చేశాడు. గీత పని చేసే మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు.

పాత మోకులోంచి ఒక ముక్క కోసి, పెద్దమ్మ పాత చీర నాలుగు మడతలు వేసి, సుక్కి పొట్ట కింద నుంచి ఒక పట్టీ కట్టాడు. పైన చేత్తో పట్టుకోవడానికి ముడి. తాడెక్కేటప్పుడు తనకు తాను వేసుకునే ముడే అది. పొద్దున, సాయంత్రం ఆ పట్టీ పట్టుకొని సుక్కి పక్కన వంగి నడిచేవాడు. సుక్కి కాళ్లు ఆడించేది, ఊరంతా తిరిగేది, గోడల దగ్గర వాసన చూసేది. పెద్దబాపు నడుం పట్టేసేది. రాత్రికి పెద్దమ్మ తైలం రాస్తూ తిట్టేది. "తాడెక్కి దిగినా గింత నొయ్యలే నీకు. గా కుక్కను నడిపియ్యవట్టి ఒంగిపోతివి," అనేది. "నడుస్తుంది సూడు, మంచిగ నడుస్తుంది," అని ఆయన మురిసిపోయేవాడు. మేమూ మురిసిపోయాం. పట్టీ వదిలితే మాత్రం అది గోనెసంచి మీద పడుకునేది. లేచే ప్రయత్నమే చేసేది కాదు. ఆయన వచ్చి ముడి పట్టుకునేదాకా తోక ఊపుతూ చూసేది.

మళ్లీ డాక్టర్ దగ్గరకు పోయినప్పుడు పెద్దబాపు దవాఖాన ముందు సుక్కిని అటూ ఇటూ తిప్పి చూపించాడు. డాక్టర్ చేతులు కడుక్కుంటూ చూశాడు.

"పెద్దాయనా, నడుస్తున్నది ఎవరు? కుక్కనా, మీరా?"

పెద్దబాపు నవ్వు ఆగిపోయింది.

"దాని బరువంత మీ చేతిల ఉన్నది. ఉన్న మూడు కాళ్లకు పని లేకుంట చేసిండ్రు. ఇంకొన్ని రోజులు గిట్లనే మోస్తె గవి కూడ సన్నవడ్తయ్. పట్టీ తీసెయ్యండి. పడనియ్యండి. పడ్డంక అదే లేస్తది."

వచ్చేటప్పుడు ఆటోలో ఆయన కోపం చూడాలి. "పడనియ్యిమంటడేంది గీ డాక్టరు? పడుడంటే ఏందో తెలుసా ఆయనకు? పడ్డోన్ని ఎన్నడన్న చూసిండా? ముప్పై ఏండ్ల సంది మోకు ఇడువకనే బతికిన నేను. గిప్పుడు ఇడిసిపెట్టుమంటడు." ముస్తాబాద్ వచ్చేదాకా గొణుగుతూనే ఉన్నాడు. డాక్టర్ మాట చెవిన పెట్టలేదు. ఇంకో పది రోజులు అదే పట్టీ, అదే నడక. డాక్టర్ ఫోన్ చేసి అడిగితే, "గదెప్పుడో తీసేసిన సారూ," అని నా ముందే అబద్ధం ఆడాడు. ఫోన్ పెట్టేసి నా వైపు చూసి, "ఏం? పెద్దోల్లు ఆడొద్దా?" అన్నాడు.

నాకు మాత్రం అప్పటికి భయం పట్టుకుంది. సుక్కి వెనుక కాలు నిజంగానే పుల్లలా అవుతోంది. కోపంలో ఉన్న పెద్దబాపుతో ఆ మాట ఎవరు చెప్పాలి? పెద్దమ్మ నన్ను చెప్పమంది, నేను పెద్దమ్మను చెప్పమన్నాను. చివరికి ఎవరం చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆయన మోపెడ్ ముందు గంపలో సుక్కిని కూర్చోబెట్టుకొని తాళ్లలోకి పోయాడు. నేను వెనక కూర్చున్నాను. గూనమ్మ నీడలో సంచి పరిచి, పట్టీ విప్పి, దాన్ని పడుకోబెట్టి, ఆయన కాస్త దూరంలో ఉన్న అత్త మీదికి ఎక్కాడు. అంతకుముందు దింపిన కల్లు కుండ, లొట్టి, ఒకటి అత్త మొదట్లోనే ఉంది. నేను అవతల గట్టు మీద కూర్చొని ఫోన్ చూసుకుంటున్నాను.

పక్క ఊరి గోధుమరంగు కుక్క ఒకటి వచ్చి ఆ లొట్టిలో మూతి పెట్టింది. ఊర్లో కుక్కలకు లొట్టి మీద నురగంటే మహా ప్రీతి. కాలు పోకముందు సుక్కి ఉద్యోగమే ఆ లొట్లకు కాపలా. అది గుర్రుమంది. ముందు కాళ్ల మీద లేచింది. వెనుక ఉన్న ఒక్క కాలితో తోసింది. పక్కకు కూలిపోయింది.

"బిడ్డా! పట్టుకో దాన్ని! పట్టుకో, పట్టుకో!" పైనుంచి పెద్దబాపు కేక.

నేను ఫోన్ పడేసి ఉరికాను. నేను చేరేలోపు సుక్కి మళ్లీ లేచింది, మళ్లీ పడింది. ఈసారి మట్టిలో మూతి కొట్టుకుంది. నేను వంగి చేతులు చాపాను. అది నా వైపు చూడనే లేదు. దాని కళ్లన్నీ లొట్టి మీదే. ఆ ఒక్క వెనుక కాలును పొట్ట కిందకు, సరిగ్గా నడిమికి తెచ్చుకుంది. అంతవరకూ ఆ కాలు పాత చోటే వెతుక్కునేది. ఇప్పుడు కొత్త చోటు దొరికింది. ఒళ్లంతా వణుకుతూ నిలబడింది.

"ఆగు! ముట్టకు బిడ్డా! ముట్టకు! ఆగు!" పైనుంచి ఇంకో కేక.

చాపిన చేతులు చాపినట్టే ఆగిపోయాను. సుక్కి ఒక అడుగు వేసి ఊగింది. రెండో అడుగు వేసేసరికి పడబోయింది. అందుకే కాబోలు, మూడో అడుగు వేయకుండా ఒక్కసారిగా ఉరికింది. మూడు కాళ్లకు నిలబడటం కంటే నడవడం తేలిక, నడవడం కంటే ఉరకడం తేలిక అని ఆ రోజు మా కళ్లముందు దానికదే కనిపెట్టింది. గోధుమరంగు కుక్క ముక్కు మీద తెల్లటి నురగతో పొలాలకు అడ్డం పడి పారిపోయింది.

"లేశింది! నా సుక్కి లేశిందిరో!" అని పెద్దబాపు చెట్టు మీదే అరిచాడు. తాటిచెట్టు మీంచి కేక వినబడిందంటే మా దగ్గర మనిషి పడ్డాడనే అనుకుంటారు. మడి దగ్గర నీళ్లు చూసుకుంటున్న ఇద్దరు మనుషులు గుండెలు చేత పట్టుకొని ఉరికివచ్చారు. వచ్చి చూస్తే పైన మనిషి పైనే ఉన్నాడు, నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. కింద ఒక కుక్క లొట్టి పక్కన నిలబడి రొప్పుతోంది. వాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆయన దిగివచ్చి ఇద్దరికీ కల్లు పోసి శాంతపరిచాడు.

వాళ్లు పోయాక సుక్కిని ఒళ్లో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. అప్పుడు అన్న మాట ఇది.

"పైన ఉన్న కాబట్టి ఆగిన బిడ్డా. నా రెండు చేతులు మోకు మీద ఉండె. కింద ఉంటె ఉరికి పట్టుకుంటుంటి. గది ఎన్నటికి లేవకపోవు."

ఆ సాయంత్రం సుక్కి మోపెడ్ గంపలో కూర్చోలేదు. వెనక ఉరికి వచ్చింది, దారిలో ఆరేడుసార్లు పడింది. ఆ పట్టీని మర్నాటి నుంచి లొట్లు మోయడానికి వాడుకున్నాడు.

ఆ మర్నాటి నుంచే ఆయనకు కొత్త అలవాటు వచ్చింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకొని నడవడం. ఊళ్లో ఆటపట్టించారు. పటేల్ పొలం చూడబోతున్నట్టు ఉంది అన్నారు. పెద్దమ్మ అయితే, "ఏం పెద్దమనిషివైనవని గా చేతులు కట్టుకొని తిరుగుడు? నీళ్ల బింద పట్టుకో," అనేది. నాకూ చిరాకే. ఎందుకంటే సుక్కి పడుతుంటే ఆయన అలాగే చేతులు వెనక పెట్టుకొని చూస్తూ నిలబడేవాడు.

బండి దారి వదిలి నడిచి పోతే ఇంటికీ తాళ్లకూ మధ్య ఒక కాలువ ఉంది. మనుషులం దాని మీద అడ్డంగా వేసిన తాటి మొద్దు మీదుగా దాటుతాం. గుండ్రటి మొద్దు మీద మూడు కాళ్లు నిలవవు. సుక్కి దుమకాల్సిందే. మొదటి రోజు ఒడ్డున నిలబడి దుమికి నీళ్లలో పడింది. రెండో రోజూ పడింది. మూడో రోజు అవతలి ఒడ్డు అందుకొని, జారి, బురదలో వెల్లకిలా పడింది. నాకు ఏడుపొచ్చింది. "ఎత్తుకొని దాటిస్తె ఏమైతది పెద్దబాపూ? గంత కఠినమా నీకు?" అని అరిచాను.

ఆయన నా వైపు తిరగలేదు. "నా చేతులు నా మాట ఇంటలేవు బిడ్డా. పైనుంటె మోకు పట్టుకుంటయ్. కింద ఏం పని లేదాయె. గందుకే ఒకదానికొకటి కావలి పెట్టిన," అన్నాడు.

నాలుగో రోజో ఐదో రోజో సుక్కి ఒడ్డు దగ్గర నిలబడి కాలువను చూసింది. తర్వాత వెనక్కి జరిగింది. నాలుగడుగులు జరిగి, అక్కడి నుంచి ఉరికివచ్చి, ఆగకుండా దుమికింది. అవతల పడింది. పొడిగా పడింది. ఇక ఆ రోజు తాళ్ల కింద కల్లు అమ్మే మండువ దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ పెద్దబాపు కాలువ దాకా నడిపించుకుపోయాడు. సుక్కితో ఎన్నిసార్లు దుమికించాడో లెక్కలేదు. చివరికి అదే విసుగొచ్చి పడుకుంది. "మంచిగ నేర్పినవే," అని ఎవరో మెచ్చుకుంటే, "నేనేం నేర్పలే. అడ్డం రాలే. గంతే నాది," అన్నాడు.

ఆ తర్వాత సుక్కి ఒక్కొక్కటే సర్దుకుంది. కాలు లేని వైపుకు ఒరిగి పడుకోదు, లేవడం కష్టమని. నీళ్లు తాగేటప్పుడు గోడకు ఆనుకుంటుంది. సిరిసిల్లలో మా నాన్న వాళ్లింటి టైల్స్ మీద ఒకసారి జారి, ఆ తర్వాత ఏదైనా పరవనిదే గడప దాటలేదు. పెద్దబాపు ఏ పండుగకు మా ఇంటికి వచ్చినా బట్టల సంచికంటే ముందు గోనెసంచులు లోపలికి వచ్చేవి, పరవడానికి. మరుసటి ఏడు కోత మిషన్ వచ్చినప్పుడు పెద్దబాపు గొలుసు తీశాడు, కట్టేయాలని. సుక్కి అప్పటికే ఒడ్డు మీద, మిషన్‌కు బాగా దూరంగా కూర్చొని ఉంది. తప్పించుకొని తన దాకా వచ్చిన ఎలుకలను మాత్రమే పట్టింది. "నాకంటె అదే నయం. ఒక్కసారికే తెలుసుకున్నది," అని గొలుసు మళ్లీ మేకుకు తగిలించాడు.

దానికి రానిది ఒక్కటే మిగిలింది. ఎడమ చెవి దురద. చెవి దురద పెడితే లేని కాలుతో గోక్కోబోయేది. తొడ దగ్గర మిగిలిన చిన్న ముక్క టకటకా కొట్టుకునేది, చెవి దాకా ఏమీ వచ్చేది కాదు. అది కనిపిస్తే చాలు, పెద్దబాపు వెనక కట్టుకున్న చేతులు విప్పి, వంగి గోకేవాడు. "గీ ఒక్కటి నా డ్యూటీ," అనేవాడు. అన్నం తింటున్నా లేచిపోయేవాడు.

నాకు కోరుట్లలో మొదటి ఉద్యోగం వచ్చింది. అంతకుముందు ఒక్కదాన్నే ఎక్కడా ఉండలేదు. సిరిసిల్ల బస్టాండుకు పెద్దబాపు వచ్చాడు. బ్యాగు కూడా నేనే ఎక్కించుకున్నాను. కిటికీ దగ్గర కూర్చొని చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు. చేతులు వెనక పెట్టుకొని, ముఖం గట్టిగా పెట్టుకొని నిలబడ్డాడు. బస్సు కదిలింది. నిజం చెప్పాలంటే నాకు రోషం వచ్చింది. కుక్కపాటి చేయనా అనుకున్నాను. బస్సు మలుపు తిరిగేటప్పుడు ఆయన కూడా తిరిగి పోతూ కనిపించాడు. అప్పుడు వెనక నుంచి ఆ చేతులు చూశాను. ఒక చెయ్యి ఇంకో చెయ్యి మణికట్టును పట్టుకొని ఉంది. ఎంత గట్టిగా అంటే, వేళ్ల చుట్టూ చర్మం తెల్లబడి కనిపించింది. కోరుట్ల చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను, కానీ ఆ ఏడుపు వేరు.

కోరుట్లలో గది వెతుక్కున్నాను, జ్వరం వస్తే ఒక్కదాన్నే మందులు తెచ్చుకున్నాను, మొదటి నెలలో సూది సరిగ్గా గుచ్చలేక ఒక పెద్దావిడతో తిట్లు తిన్నాను. అన్నీ ఫోన్‌లో ఆయనకు చెప్పేదాన్ని. ఆయన ఎప్పుడూ "వచ్చెయ్" అనలేదు. "మల్ల?" అనేవాడు. అంటే, తర్వాత ఏం చేశావు అని. ఆ ఒక్క మాట కోసం నేను మళ్లీ ఏదో ఒకటి చేసేదాన్ని.

పోయిన ఏడాది ఆయనకు గుండె జబ్బు అని తేలింది. తాళ్లెక్కొద్దన్నారు. మోకును ఒకసారి మొత్తం తడిమి చూసుకొని, మేకుకు తగిలించి, మళ్లీ దాని వైపు చూడలేదు. నడక తగ్గింది, కట్టె పట్టుకున్నాడు. నేను సెలవు పెట్టి వెళ్లినప్పుడు వాకిట్లో నడుస్తుంటే తూలాడు, నేను రెక్క పట్టుకున్నాను.

"ఇడువు బిడ్డా."

"పడ్తవు పెద్దబాపూ."

"పడ్త. మల్ల లేస్త. నువ్వు చేతులు ఎనుకకు పెట్టుకో."

పెట్టుకున్నాను. అంత కష్టమైన పని నేను ల్యాబులో కూడా చేయలేదు. ఆయన అరుగు దగ్గర నుంచి నల్లా దాకా పోయి, నల్లా పట్టుకొని కాసేపు ఆగి, మళ్లీ అరుగు దాకా వచ్చాడు. కూర్చొని, రొప్పుతూ, సుక్కి వైపు చూసి, "చూసినవా?" అన్నాడు. నన్ను కాదు, దాన్ని అడిగాడు.

తండ్రి పడి పోయిన మనిషి, పడటాన్ని చూస్తూ నిలబడటం నేర్చుకున్నాడు. అది కూడా నడివయసు దాటాక, ఒక కుక్క దగ్గర. మా ఇంట్లో చదువుకున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఆ చదువు మాకెవరికీ రాలేదు. ఆయన బిడ్డనని చెప్పుకోవడం నాకు గర్వం, ఎక్కడైనా చెప్తాను.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి పోయాం. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి తీసుకుపోయి పెడితే, కాకి వచ్చి ముట్టాలి. ఆయనకు తాళ్లలోనే పెట్టాలని పెద్దమ్మ పట్టుబట్టింది. మగవాళ్లు ముందే పోయారు. పెద్దమ్మ గంప నెత్తిన పెట్టుకుంది, నేను చిన్న లొట్టి పట్టుకున్నాను. మూడు రోజులుగా సరిగ్గా తినని సుక్కి, ఎవరూ పిలవకుండానే లేచి ముందు నడిచింది.

ఎగువన వానలు పడి కాలువ నిండుగా పారుతోంది. ఆయన తాళ్లకు పోవడం మానేసి ఏడాది దాటింది. సుక్కి కూడా ఏడాదిగా ఈ కాలువ దుమకలేదు. మూతి చుట్టూ వెంట్రుకలు నెరిశాయి. అది ఒడ్డున ఆగి నీళ్లను చూసింది, తర్వాత వెనక్కి తిరిగి మా ఇద్దరి వెనక దారిలోకి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

నేను లొట్టి కింద పెట్టి, దాన్ని ఎత్తుకుందామని వంగాను.

"బిడ్డా," అంది పెద్దమ్మ.

గంప దించి గట్టు మీద పెట్టింది. నేను లేచి నిలబడి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

సుక్కి నాలుగడుగులు వెనక్కి జరిగింది. ఉరికింది. ముందు కాళ్లు అవతలి ఒడ్డును అందుకున్నాయి, వెనుక కాలు జారి నీళ్లలోకి పోయింది. అది ఒడ్డు మట్టిని గోళ్లతో పట్టుకొని, ఆ ఒక్క కాలును పొట్ట కింద నడిమికి తెచ్చుకొని, తోసి, పైకి ఎక్కింది. ఒళ్లు దులుపుకొని తాళ్ల వైపు నడిచింది.

నేను పక్కకు తిరిగి చూశాను. ఇన్నేళ్లూ ఆయనను నీళ్ల బింద పట్టుకొమ్మని తిట్టిన పెద్దమ్మ, గట్టు మీద నిలబడి సుక్కినే చూస్తోంది. ఆమె రెండు చేతులూ ఇంకా వెనకే ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకొని.